గామా మెరుపుల పుట్టిల్లు ఎక్కడ?

దాదాపు రోజుకి ఒకటి చొప్పున, ఆకాశంలో ఎక్కడో ఒక మూల గామా కిరణాల మెరుపు ఒకటి మెరిసి మాయమవుతూ ఉంటుంది. కొన్ని అర సెకనులో అయిపోతాయి. కొన్ని ఒకటి రెండు నిమిషాలు ఉంటాయి. మనం మాత్రం వాటిని చూడలేం. గామా కిరణాలు మన కంటికి ఆనవు. పైగా భూమి చుట్టూ ఉన్న వాతావరణం వాటిని కిందకి రానివ్వదు, అది మన అదృష్టం. అందుచేత వీటిని పట్టుకోవాలంటే ఉపగ్రహాలు కావాలి. శాస్త్రజ్ఞులు వీటిని గామా రే బర్స్ట్‌లు అంటారు. ఈ వ్యాసంలో మనం గామా మెరుపులు అని పిలుచుకుందాం.

నేను వృత్తి రీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. ఇక్కడికి వచ్చి ఎమ్మెస్ చేసింది కూడా ఇంజనీరింగులోనే. ఖగోళశాస్త్రం నాకు సరదా మాత్రమే. అయినా ఈ కథ నన్ను పట్టుకోవడానికి కారణం ఉంది. రాత్రి 2 గంటలకి సర్వరు పడిపోతుంది. మనం లేచి చూసేసరికి మళ్ళీ మామూలుగా నడుస్తూ ఉంటుంది. చేతిలో మిగిలేది లాగ్ ఫైలు ఒక్కటే. ఆ నాలుగు అంకెలు పట్టుకుని ఏం జరిగిందో తేల్చాలి. ఇది చదువుతున్న వాళ్ళలో చాలా మందికి ఈ పని బాగా అలవాటే. గామా మెరుపుల విషయంలో శాస్త్రజ్ఞులు చేసింది కూడా ఇదే. కాకపోతే వాళ్ళకి ముప్పై ఏళ్ళ పైన పట్టింది.

కొన్ని సెకన్లు మెరిసి పోయే వెలుగు వెనక చచ్చిపోతున్న తార ఉందని ఎలా తెలిసింది? ఆ మాట ఎంత వరకు నమ్మవచ్చు? చూద్దాం.

నిఘా ఉపగ్రహాల లాగ్ ఫైళ్ళు

1963లో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి. గాలిలో గాని, నీటి అడుగున గాని, అంతరిక్షంలో గాని అణుబాంబుల పరీక్షలు చెయ్యకూడదని దాని సారాంశం. అవతలి వాడు మాట మీద నిలబడతాడో లేదో చూసుకోవాలి కదా! అందుకని అమెరికా వేలా అనే పేరుతో ఉపగ్రహాలని జంటలు జంటలుగా పైకి పంపింది. అణుబాంబు పేలితే గామా కిరణాలు వస్తాయి. వాటిని పసిగట్టడమే ఈ ఉపగ్రహాల పని.

ఇవి భూమికి లక్ష కిలోమీటర్ల పైన తిరిగేవి. అంత ఎత్తులో తిరిగే రెండు ఉపగ్రహాలు భూమికి చెరొక పక్కన ఉంటే, ఒక మెరుపు ఒకదానికి చేరిన తరువాత రెండవ దానికి చేరడానికి ఇంచుమించు ముప్పాతిక సెకను వరకు పట్టవచ్చు. ఆ తేడాని కొలిస్తే మెరుపు ఎటు వైపు నుంచి వచ్చిందో లెక్క కట్టవచ్చు.

లాస్ ఆలమోస్ ప్రయోగశాలలో రే క్లెబెసాడెల్, రాయ్ ఓల్సన్ అనే ఇద్దరు 1969లో పాత రికార్డులు తిరగేస్తూ ఉంటే, 1967 జులై 2వ తేదీన వచ్చిన ఒక మెరుపు కనిపించింది. దాని తీరు బాంబులా లేదు. ఆ రోజు సూర్యుడి మీద చెప్పుకోదగ్గ గొడవ కూడా ఏమీ లేదు. తరువాత వెళ్ళిన ఉపగ్రహాలలో గడియారాలు ఇంకా మెరుగైనవి. వాటితో ఇటువంటివే మరికొన్ని దొరికాయి. భూమి నుంచి కాదు, సూర్యుడి నుంచీ కాదు అని తేలింది. ఇయాన్ స్ట్రాంగ్‌తో కలిసి 16 మెరుపుల వివరాలు 1973లో ప్రచురించారు.

సీమటపాకాయా? బాంబా?

ఇక్కడి నుంచి అసలు చిక్కు మొదలయింది. దీపావళి నాడు తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చున్నాం అనుకోండి. బయట ఢామ్మని ఒక చప్పుడు. అది గుమ్మం ముందు పేలిన సీమటపాకాయ కావచ్చు. పక్క ఊళ్ళో పేలిన పెద్ద బాంబు కావచ్చు. చెవికి చేరే చప్పుడు ఒకటే. దూరం తెలిస్తే గాని పేలినది ఏమిటో తెలియదు.

గామా మెరుపుల దూరం ఎవరికీ తెలియదు. ఇంకేముంది, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. న్యూట్రాన్ తారల మీద తోకచుక్కలు పడుతున్నాయన్నారు కొందరు. న్యూట్రాన్ తారల పై పెంకు పగులుతోందన్నారు మరికొందరు. 1990ల మొదట్లో లెక్క పెడితే ఇటువంటి సిద్ధాంతాలు వంద దాటాయి.

1991 ఏప్రిల్‌లో కాంప్టన్ అనే గామా కిరణాల అబ్జర్వేటరీని నాసా అంతరిక్షంలోకి పంపింది. అందులోని బాట్సీ అనే పరికరం తొమ్మిదేళ్ళలో 2,704 మెరుపులని నమోదు చేసింది. ఆకాశం పటం మీద వాటికి చుక్కలు పెడుతూ పోతే అన్ని వైపులా సమానంగా పడ్డాయి. ఈ చుక్కలు చెప్పే మాట పెద్దది. ఈ మెరుపులు మన పాలపుంతలోని తారల నుంచి వస్తూ ఉంటే, చుక్కలన్నీ ఆకాశంలో పాలపుంత కనిపించే పట్టీ వెంబడే గుమిగూడాలి. అలా గుమిగూడలేదు.

1995 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో ఒక బహిరంగ చర్చ జరిగింది. మెరుపులు కోట్లాది కాంతి సంవత్సరాల దూరం నుంచి వస్తున్నాయని బోదాన్ పచిన్‌స్కీ వాదించారు. అవి మన పాలపుంత చుట్టూ ఉన్న పెద్ద గోళంలోనివేనని డొనాల్డ్ లాంబ్ వాదించారు. మధ్యవర్తి మార్టిన్ రీస్. చర్చ బాగా జరిగింది గాని విషయం తేలలేదు. వాదనలతో తేలేది కాదు, దూరం కొలవాలి.

నిప్పు ఆరినా వేడి మిగిలింది

కొలవడానికి అడ్డం ఏమిటంటే, గామా కిరణాల పరికరాలు మెరుపు వచ్చిన దిక్కుని ఉజ్జాయింపుగానే చెప్పగలవు. అంత పెద్ద ముక్కలో వేల కొద్దీ తారలు, గెలాక్సీలు ఉంటాయి. ఈలోగా మెరుపు కాస్తా పోతుంది.

ఇటలీ, నెదర్లండ్స్ కలిసి పంపిన బెప్పోసాక్స్ అనే ఉపగ్రహం ఈ అడ్డం తొలగించింది. 1997 ఫిబ్రవరి 28న ఒక మెరుపు వచ్చిన కొద్ది గంటలలోనే అది అదే దిక్కుకి తన ఎక్స్-రే టెలిస్కోపుని తిప్పింది. అక్కడ నెమ్మదిగా మసకబారుతున్న ఎక్స్-రే వెలుగు కనిపించింది. కుంపట్లో నిప్పు ఆరిపోయాక కూడా వేడి కాసేపు మిగిలినట్టు, మెరుపు పోయాక కూడా వెలుగు మిగులుతుందన్న మాట. నెదర్లండ్స్‌కు చెందిన యాన్ వాన్ పారడైస్ బృందం అదే చోట మామూలు కాంతిని కూడా పట్టుకుంది.

అదే సంవత్సరం మే 8న మరొక మెరుపు. ఈ సారి కాల్‌టెక్ బృందం హవాయిలోని కెక్ టెలిస్కోపుతో మిగులు వెలుగు వర్ణపటాన్ని తీసింది. మన ఐ.ఐ.టి. ఢిల్లీలో చదివిన శ్రీనివాస్ కులకర్ణి ఆ బృందంలో ఉన్నారు. విశ్వం వ్యాకోచిస్తూ ఉండడం వల్ల దూరం నుంచి వచ్చే కాంతిలోని గీతలు ఎరుపు వైపు జరుగుతాయి. ఎంత జరిగాయో చూస్తే దూరం తెలుస్తుంది. ఈ లెక్క ప్రకారం ఆ కాంతి బయలుదేరి సుమారు 700 కోట్ల సంవత్సరాలు అయింది. మన భూమి పుట్టి 454 కోట్ల సంవత్సరాలే! పచిన్‌స్కీ మాటే నిజమయింది.

అంటే పేలుతున్నవి సీమటపాకాయలు కావు. 2008 మార్చి 19న వచ్చిన మెరుపు తాలూకు మామూలు కాంతి, స్వాతి నక్షత్రం ఉన్న భూతేశ మండలంలో, సుమారు అర నిమిషం పాటు కంటికి కనిపించేంతగా వెలిగింది. అది బయలుదేరింది 750 కోట్ల సంవత్సరాల కిందట.

ఇంత శక్తి ఎక్కడిది? ఇక్కడ ఒక సర్దుబాటు చెయ్యాలి. గదిలో బల్బుకీ, టార్చి లైటుకీ తేడా ఉంది. టార్చి వెలుగు అంతా ఒకే వైపు పోతుంది కనుక ఎదురుగా ఉన్న వాడి కళ్ళు చెదురుతాయి. గామా మెరుపు కూడా టార్చి లాంటిదే. కొద్ది డిగ్రీల వెడల్పున్న సన్నని ధారలో వస్తుంది. ఆ ధార మన వైపు తిరిగి ఉంటేనే మనకి కనిపిస్తుంది. ఈ సర్దుబాటు చేశాక కూడా, సూర్యుడు తన 1,000 కోట్ల ఏళ్ళ జీవితం మొత్తంలో వెదజల్లే శక్తి ఎంతో, అంత శక్తి కొన్ని సెకన్లలో బయటకి వస్తోందని లెక్క తేలింది.

లాగ్‌లో మరొక ఆధారం ఉంది. కొన్ని మెరుపులలో వెలుగు మిల్లీసెకన్ల వ్యవధిలో హెచ్చుతగ్గులు అవుతుంది. ఒక మిల్లీసెకనులో కాంతి 300 కిలోమీటర్లే పోగలదు. కాబట్టి దీన్ని నడిపించే యంత్రం వందల కిలోమీటర్లకి మించి ఉండడానికి వీలు లేదు. హైదరాబాదు నుంచి విజయవాడ దాకా ఉన్నంత చోటులో ఒక సూర్యుడి జీవితకాలపు శక్తి! ఇంత చిన్న చోటులో ఇంత శక్తి అంటే కృష్ణబిలమో, న్యూట్రాన్ తారో తప్ప వేరే దారి లేదు.

తార ఎలా కూలుతుంది?

తార అనేది ఒక ఎడతెగని తగువు. గురుత్వాకర్షణ లోపలికి లాగుతుంది. మధ్యలో మండే కేంద్రక సంలీనపు వేడి బయటకి నెడుతుంది. ఇంధనం ఉన్నంత వరకు రెండూ సరితూగుతాయి.

సూర్యుడికి 20 రెట్లు బరువున్న తారని తీసుకోండి. అది హైడ్రోజన్‌ని కాల్చి హీలియం చెయ్యడానికి కోటి సంవత్సరాల లోపు పడుతుంది. తరువాత హీలియం, కార్బన్, నియాన్, ఆక్సిజన్ వంతు. ఒకొక్క మెట్టూ ముందు దాని కంటే త్వరగా అయిపోతుంది. చివరి ఇంధనమైన సిలికాన్ కొద్ది రోజులలో అయిపోయి ఇనుము మిగులుతుంది. ఇనుమును సంలీనం చేస్తే శక్తి రాదు సరికదా, ఎదురు ఖర్చు అవుతుంది. పొయ్యి ఆరిపోయిందన్న మాట.

అప్పుడు ఆ ఇనుప ముద్దని నిలబెట్టేది ఎలక్ట్రానుల ఒత్తిడి ఒక్కటే. దానికీ ఒక హద్దు ఉంది. 1930లో ఇండియా నుంచి ఇంగ్లండుకి ఓడలో వెళుతూ, 19 ఏళ్ళ సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ మొదలు పెట్టిన లెక్క ఇదే. ఆయన లెక్క కట్టింది శ్వేత కుబ్జ తారల గురించి గాని, ఆ హద్దు ఇక్కడా ఇంచుమించుగా వర్తిస్తుంది. ఇనుప ముద్ద బరువు సూర్యుడికి సుమారు 1.4 రెట్లు దాటేసరికి అది సెకను లోపే కుప్పకూలిపోతుంది. చాలా తారలలో లోపల న్యూట్రాన్ తార మిగిలి, పై పొరలు సూపర్‌నోవాగా పేలిపోతాయి.

మరీ బరువైన తారలో, అందులోనూ గిరగిరా తిరుగుతున్న తారలో, కథ వేరుగా నడవవచ్చని స్టాన్ వూస్లీ 1993లో ప్రతిపాదించారు. లోపల కృష్ణబిలం తయారవుతుంది. చుట్టూ ఉన్న పదార్థం తిరుగుతూ ఉండడం వల్ల నేరుగా అందులో పడలేక, సుడిగుండంలో నీళ్ళలా పళ్ళెం ఆకారంలో చుట్టూ తిరుగుతుంది. ఆ పళ్ళేనికి పైకీ కిందకీ రెండు సన్నని ధారలు కాంతి వేగానికి అతి దగ్గర వేగంతో చిమ్ముతాయి. ధారలని చిమ్మేది అయస్కాంత క్షేత్రాలా, న్యూట్రినోలా అన్న చర్చ ఇంకా నడుస్తోంది. కొన్ని సందర్భాలలో ఈ పని కృష్ణబిలం కాక, విపరీతమైన అయస్కాంత బలం ఉన్న న్యూట్రాన్ తార చేస్తుందనే వాదన కూడా ఉంది.

ఈ ధార తార పొట్టలోంచి బయట పడాలంటే పై పొరలని తొలుచుకుంటూ రావాలి. మన ఊళ్ళలో బోరు వెయ్యడం గుర్తు తెచ్చుకోండి. నీళ్ళు 200 అడుగులలో ఉంటే సరే. 1,000 అడుగులు తవ్వాలంటే బోరు బండిలో డీజిలు ముందే అయిపోవచ్చు. ఇక్కడా అంతే. యంత్రం నడిచేది కొన్ని పదుల సెకన్లు. హైడ్రోజన్ పొరని ముందే పోగొట్టుకున్న చిన్న, గట్టి తార అయితే ధార పది సెకన్లు అటూ ఇటూగా బయట పడుతుంది. సూర్యుడికి వందల రెట్లు ఉబ్బిన ఎర్రటి మహాతార అయితే దారిలోనే ఆగిపోతుంది. వేగంగా తిరగాలి, పై పొర ఉండకూడదు, ధార మన వైపు ఉండాలి. ఇన్ని షరతులు కాబట్టే, కూలిపోయే భారీ తారలలో నూటికి ఒకటి కూడా గామా మెరుపుని ఇవ్వదు.

సాక్ష్యం దొరికింది

సిద్ధాంతం బాగానే ఉంది. ఇది నిజమైతే మెరుపు వచ్చిన చోట కొద్ది రోజులకి సూపర్‌నోవా కనిపించాలి. అది కూడా హైడ్రోజన్, హీలియం గీతలు లేనిది అయి ఉండాలి.

1998 ఏప్రిల్ 25న ఒక మెరుపు వచ్చింది. ఆ దిక్కులోనే, సుమారు 12 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఒక సూపర్‌నోవా కనిపించింది. సరిగ్గా అటువంటిదే. కాంతి వేగంలో పదో వంతు వేగంతో దాని పదార్థం ఎగిసిపోతోంది. కాని ఆ మెరుపు మామూలు మెరుపుల కంటే వేల రెట్లు బలహీనం. కాకతాళీయం ఏమో అన్నారు.

2003 మార్చి 29న అనుమానం తీరిపోయింది. హెటి-2 అనే ఉపగ్రహం పట్టుకున్న ఆ మెరుపు సుమారు 200 కోట్ల కాంతి సంవత్సరాల దూరానిది. మామూలు మెరుపులలాగే బలమైనది. మిగులు వెలుగు వర్ణపటాన్ని రోజూ తీస్తూ పోతే, వారం తిరిగేసరికి ఆ వెలుగు వెనక నుంచి సూపర్‌నోవా ఆనవాళ్ళు తేలాయి. 1998 నాటి దానికి కవల పిల్లలా ఉంది.

ఇంకొక ఆధారం చిరునామాలు. ఈ నిడివైన మెరుపులు ఎక్కువగా కొత్త తారలు పుడుతున్న చిన్న గెలాక్సీలలో, అందులోనూ బాగా వెలిగే పేటలలోనే వస్తున్నాయి. భారీ తారలు అల్పాయుష్కులు. పుట్టిన వీధి దాటకుండానే పోతాయి. కాబట్టి చావు కబురు పురిటింటి పక్క నుంచే వస్తుంది.

మెడలో బంగారం

రెండు సెకన్లకి లోపు అయిపోయే మెరుపుల సంగతి వేరు. వాటి దగ్గర సూపర్‌నోవాలు కనిపించలేదు. ముసలి గెలాక్సీలలో కూడా అవి వస్తున్నాయి. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే రెండు న్యూట్రాన్ తారలు చివరికి ఢీకొంటే ఇలా జరగాలని చాలా కాలంగా ఊహ ఉంది.

2017 ఆగస్టు 17న లైగో, వర్గో పరికరాలు అటువంటి ఢీని గురుత్వ తరంగాల ద్వారా పట్టుకున్నాయి. 1.7 సెకన్ల తరువాత ఫెర్మీ ఉపగ్రహానికి ఒక పొట్టి గామా మెరుపు అందింది. 13 కోట్ల సంవత్సరాలు ప్రయాణం చేసి వచ్చిన రెండు కబుర్ల మధ్య తేడా రెండు సెకన్లు కూడా లేదు! తరువాత అక్కడ కొద్ది రోజులు వెలిగిన వెలుగుని కిలోనోవా అంటారు. బంగారం, ప్లాటినం లాంటి బరువైన మూలకాలు తయారయితే ఎలా వెలగాలో అలాగే అది వెలిగింది. బంగారం గీతలు నేరుగా చూశారని కాదు. స్ట్రాన్షియం జాడ మాత్రం 2019లో ఆ వర్ణపటంలో గుర్తించారు. మన పెళ్ళిళ్ళలో కొత్త దంపతులకి అరుంధతి నక్షత్రం చూపిస్తాం. పెళ్ళికూతురి మెడలోని మంగళసూత్రం కూడా ఆకాశం నుంచి వచ్చినదే.

సూత్రం తెగింది

నిడివి మెరుపంటే భారీ తార చావు, పొట్టి మెరుపంటే న్యూట్రాన్ తారల ఢీ. పరీక్షలో రాయడానికి ఎంత బాగుందో! ప్రకృతి మాత్రం ఆ గీత దగ్గర ఆగలేదు.

2021 డిసెంబరు 11న ఒక మెరుపు 50 సెకన్ల పైన ఉంది. సూత్రం ప్రకారం సూపర్‌నోవా కనిపించాలి. వెతికితే కిలోనోవా కనిపించింది. 2023 మార్చి 7న మరొకటి; అది కూడా నిడివైనదే, అప్పటి దాకా చూసిన వాటిలో వెలుగులో రెండవది. జేమ్స్ వెబ్ టెలిస్కోపు అక్కడ చూస్తే టెల్యూరియం అనే బరువైన మూలకం ఆనవాలు దొరికింది. రెండూ ఢీలే అన్న మాట.

ఇక వెలుగులో మొదటి స్థానం 2022 అక్టోబరు 9న వచ్చిన దానిది. దాని గామా కిరణాలు 200 కోట్ల ఏళ్ళ దూరం నుంచి వచ్చి కూడా మన అయనోవరణాన్ని కదిలించాయి. 10,000 సంవత్సరాలకి ఒకసారి వచ్చే మెరుపు అని అంచనా. అక్కడ వెబ్ టెలిస్కోపుకి సూపర్‌నోవా కనిపించింది గాని, ఆశించిన బరువైన మూలకాల జాడ కనిపించలేదు. 2025 జులై 2న వచ్చినది గంటల తరబడి సాగింది. దాని పుట్టిల్లు ఏదన్నది ఇంకా చర్చలోనే ఉంది. మొదటి మెరుపు వేలా ఉపగ్రహాలకి అందినది కూడా జులై 2వ తేదీనే, సరిగ్గా 58 ఏళ్ళ ముందు.

ఇంజనీర్లకి ఇందులో తెలిసిన పాఠమే ఉంది. ఎర్రర్ ఎంత సేపు ఉందన్నది లక్షణం. దానిని బట్టి కారణాన్ని ఊహించవచ్చు గాని తేల్చలేం. మెరుపు నిడివి కూడా అటువంటిదే. వెనక సూపర్‌నోవా కనిపించిందా, కిలోనోవా కనిపించిందా అన్నదే సాక్ష్యం. సూత్రం తెగినంత మాత్రాన 2003లో దొరికిన రుజువు చెరిగిపోలేదు. చాలా నిడివి మెరుపులకి పుట్టిల్లు భారీ తారే.

మన వాళ్ళ చెయ్యి

ఈ వేటలో ఇండియా కూడా ఉంది. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఇస్రో పంపిన ఆస్ట్రోశాట్‌లో గామా మెరుపులని పసిగట్టే పరికరం ఉంది. అక్టోబరు 6న దానిని ఆన్ చేసిన మొదటి రోజే ఒక మెరుపు దొరికింది! 2022 నాటికి లెక్క 500 దాటింది. ధారలో అయస్కాంత క్షేత్రం ఎలా అమరి ఉందో చెప్పే కాంతి ధ్రువణాన్ని కూడా అది కొలవగలదు. లద్దాఖ్‌లోని హాన్లేలో గ్రోత్ ఇండియా టెలిస్కోపు మిగులు వెలుగుల వెంట పడుతుంది. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో లైగో ఇండియా నిర్మాణానికి 2023లో కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. అది వస్తే తారలు ఢీకొన్న దిక్కుని ఇంకా కచ్చితంగా చెప్పవచ్చు.

ఇందులో మన వృత్తి వాళ్ళకి కూడా చోటుంది. ఉపగ్రహం మెరుపుని గుర్తించిన కొద్ది సెకన్లలో ఆ కబురు ప్రపంచంలోని టెలిస్కోపులకి కంప్యూటర్ల ద్వారానే చేరుతుంది. వాటిలో చాలా టెలిస్కోపులు మనిషి చెయ్యి పడకుండానే ఆ దిక్కుకి తిరుగుతాయి. రాత్రి 2 గంటలకి లేపే అలర్టు అక్కడా ఉంది. కాకపోతే పడిపోయింది సర్వరు కాదు, తార. ఆ కబురు మాత్రం వందల కోట్ల ఏళ్ళు ఆలస్యంగా అందుతుంది.